కలివికోడి అడుగుజాడలు

వాకిట్లో తడిమట్టి మీద రాత్రి ఏ పిల్లి నడిచిపోయిందో పొద్దున్నే చెప్పేస్తాం మనం. కడప జిల్లా లంకమల అడవిలో కలివికోడిని వెతికిన శాస్త్రజ్ఞులూ ఆ విద్యనే నమ్ముకున్నారంటే నాకు భలే ముచ్చటేసింది.

1848 ప్రాంతాల్లో జెర్డాన్ అనే దొర, వృత్తికి డాక్టరు, ఈ పిట్టను లోకానికి చూపించాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందని పుస్తకాలు తేల్చేశాయి. కలివి పొదల్లో తిరుగుతుందని కలివికోడి అని పేరుపెట్టుకున్న మనవాళ్ళను మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు! చివరికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వేసి పట్టి తెచ్చాడు. పాపం, ఆ పిట్ట బతకలేదనుకోండి.

దాని సంచారమంతా చీకట్లోనే. అందుకని 2000 తర్వాత జెగనాథన్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన రిస్ గ్రీన్ మొదలైనవారు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగులు చూసేవారు. ఏ పిట్టవో తేల్చుకోడానికి కెమెరాలూ పెట్టారు. ఇంతలో తెలుగుగంగ కాలువ అటుగానే వచ్చింది. సీమకి నీళ్ళొద్దని ఎవరంటారు? కాని ఆ పొదలు పోతే పిట్టకి వేరే చోటేదీ? కాలువనే పక్కకు మళ్ళించారు.

అయినా ఏళ్ళ తరబడి మళ్ళీ జాడ లేదు. 2025 ఆగస్టులో మాత్రం, ఓ రాత్రి, దాని కూత రికార్డయింది.