గుండెలో బుడగ – మన జిల్లాకు చేరిన వైద్యం

బృహద్ధమని గుండె దగ్గర మొదలయ్యే చోట మూడు చిన్న గుంటలున్నాయి. వాటికి ఇటలీ శాస్త్రజ్ఞుడు వాల్సాల్వా (1666–1723) పేరు పెట్టారు. కొందరికి అక్కడి గోడ పుట్టుకతోనే బలహీనమై, పాత సైకిలు ట్యూబులాగా ఉబ్బుతుంది. అరుదైన జబ్బే. పగిలిందంటే మాత్రం రక్తం దారి తప్పి, చాలామందిలో గుండె కుడివైపుకు పోతుంది. ఆయాసం, ఛాతీనొప్పి, చివరకు ప్రాణగండం. 1950వ దశకంలో గుండె-ఊపిరితిత్తుల యంత్రం వచ్చాకే ఆపరేషన్ వీలైంది.

వేరుశనగ ఎండిన ఏడు మన రైతు మద్రాసు ఎట్లా పోగలడు? అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ఉచిత పెద్దాసుపత్రి తెరిచారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి.

కాబట్టి సోదరులారా, కుర్రాడికి హఠాత్తుగా ఆయాసమొస్తే నజర్ తగిలిందని కూర్చోవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.