కొర్వెట్టు కారు వెల

మన దర్శి ప్రాంతమున ఒంగోలు కోడెను కొనువారు పండ్లును, మూపురమును, సుడులును చూచి వెల కట్టుదురు. అమెరికావారు పాత కొర్వెట్టు కారును అట్లే పరీక్షింతురు. యంత్రముపై ముద్రించిన సంఖ్య చట్రపు సంఖ్యకు సరిపడినచో వెల హెచ్చును. యంత్రమును మార్చియున్నచో తగ్గును. ఇద్దరు కూర్చుండు నీ వేగపు బండి 1953లో ఫ్లింటు పట్టణమున పుట్టినది. తొలియేట చేసినవి 300, అన్నియు తెల్లనివే.

2014 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రమందలి కొర్వెట్టు ప్రదర్శనశాలలో నేల క్రుంగి ఎనిమిది కార్లను మ్రింగినది. మూడింటిని బాగుచేసిరి. అందొకటి 1992లో తయారైన పదిలక్షలవ కారు. దాని భాగములపై నాటి పనివారు చేసిన సంతకములు పోకుండ మిక్కిలి శ్రద్ధ వహించిరి. (తాళపత్రములను శుభ్రపరచు నెపమున అక్షరములనే చెరపిన మనవారిని నేనెరుగుదును.) తక్కిన ఐదింటిని బాగుచేయవలెనన్న దాదాపు అన్ని భాగములును క్రొత్తవే వేయవలసివచ్చెడిది. అందుచే వానిని నలిగిన రూపముననే ప్రదర్శనకుంచిరి.