మూత మీది నిప్పులు

ఇంట్లో కేకో రొట్టో కాల్చడం మొదలుపెట్టేవారు ఏయే సామాను కావాలని అడిగితే చాంతాడంత పట్టిక చేతికొస్తుంది: అచ్చులు, బ్రష్షులు, కరెంటు కవ్వాలు. నా మట్టుకు నాకు వాటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వేడి ఎటునుంచి వస్తోంది? ఆ ప్రశ్నతో మా విశాఖపట్నం వంటిళ్లను తరచి చూస్తే చిత్రమైన సంగతి తేలుతుంది. ఓవెన్ మనకు ఉండేది. గ్యాసు వచ్చాక పోగొట్టుకున్నాం. తరువాత డబ్బిచ్చి కొనుక్కున్నాం.

దిబ్బరొట్టెనే తీసుకోండి. రుబ్బిన మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, నూనె వేసిన దళసరి మూకుట్లో మందంగా పోస్తారు. కింద కుంపట్లో సన్నని సెగ. పైన మూత, మూత మీద నాలుగు నిప్పులు. అడుగున పెచ్చు కట్టేలోగా పైభాగమూ ఎర్రబడుతుంది. తిరగేసే పనే లేదు. మా మామ్మ దీనికి పట్టకారూ విసనకర్రా తప్ప మరో పరికరం ఎరగదు.

పాశ్చాత్యులు డచ్ ఓవెన్ అనేదీ ఇదే. 1707లో అబ్రహాం డార్బీ అనే ఆంగ్లేయుడు ఇసుక అచ్చుల్లో పలుచని ఇనప పాత్రలు పోతపోసే పద్ధతికి పేటెంటు పొందాడు. అలాంటి పోత పాత్రల మూతల మీదే బొగ్గులు పేర్చి అక్కడివారు రొట్టె కాల్చుకున్నారు. అన్నట్టు, మన భీమిలిలో డచ్చివారి స్థావరం 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చేదాకా ఉండేది. ఈ రెంటినీ ముడివేసి కథ అల్లడం సులువే గాని, నేను ఆ పని చేయను. నిప్పు కిందా పైనా ఉండాలన్న తెలివి ఏ ఒక్కరి సొత్తూ కాదు.

1957లో విశాఖలో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. గ్యాసుబండలు ఇళ్లకు చేరడంతో కుంపటి అటకెక్కింది. పొగ పోయింది, ఆడవాళ్ల కళ్లు తెరిపిన పడ్డాయి. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ గ్యాసు మంట కిందనుంచే వస్తుంది. మూత మీదికి నిప్పులు ఎక్కడివి?

కేకు ముచ్చట తీర్చుకోవడానికి అప్పుడు కుక్కరు దొరికింది. గాస్కెట్టూ బరువూ తీసేసి, అడుగున ఇసుక పరచి, దాని మీద గిన్నె పెట్టేవారు. ఇసుక వేడిని సమంగా పంచుతుంది. కేకు పొంగుతుంది కూడా. పైభాగం మాత్రం పాలిపోయి ఉంటుంది. ఆ తెల్లమొహం కేకును పళ్లెంలో బోర్లించి, ఎర్రబడిన అడుగునే పైభాగంగా చూపించిన ఇల్లాళ్లు ఎందరో!

అందుకే ఇప్పుడు చిన్న ఓవెన్ కొనేవారు చూడవలసింది ఒక్కటే: పై కడ్డీ, కింది కడ్డీ విడివిడిగానూ కలిపీ వెలుగుతాయా లేదా. తరువాత లోపల పెట్టే ఉష్ణమాపకం. బిళ్ల మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల 180 ఉండదు. మా ఊరి ఉక్కు కర్మాగారంలో ఒక బ్లాస్ట్ ఫర్నేసుకు అన్నపూర్ణ అని పేరు పెట్టారు; కొలిమికి ఎంత తగిన పేరు! దాదాపు 1500 డిగ్రీల ద్రవలోహం వేడినే పరికరంతో కొలిచే ఊళ్లో కేకు వేడిని ఊహకు వదిలేయడం ఏం సబబు?

మూడోది తూకం. కప్పు మైదా అంటే, జల్లించి పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150. సముద్రపు గాలికి డబ్బాలో పిండి చెమ్మగిల్లే ఊళ్లో ఈ తేడా ఇంకా ఇబ్బంది పెడుతుంది. అచ్చులంటారా, ఇంట్లో ఉన్న అల్యూమినియం గిన్నె చాలు. మిగతా పట్టిక దుకాణదారు కోసం.

మామ్మ మూకుడు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొన్న అందులో దిబ్బరొట్టె పిండి పోసి, మూత లేకుండా ఓవెన్లో పెట్టి, రెండు కడ్డీలూ వెలిగించి 200 డిగ్రీల దగ్గర కాల్చాను. నలభై నిమిషాలు పట్టింది. పెచ్చు రెండువైపులా కట్టింది. బొగ్గు వాసన మాత్రం లేదు.