కరాటే: బడి నుండి బరికి

కరాటే అన్న మాట వినగానే మనవాళ్ళలో కొందరు అది సంస్కృత ‘కర’ శబ్దం నుండి పుట్టిందని సంబరపడుతుంటారు. ఆ సంబరానికి ఆధారం లేదు. జపాను భాషలో చేయి అన్న అర్థం చివరనున్న ‘తే’ది. ముందున్న ‘కర’కు తొలుత వాడిన లిపిచిహ్నం చీనాదేశపు తాంగ్ వంశాన్ని సూచించేది. అంటే ‘చీనా చేయి’. అదే ధ్వని గల మరొక చిహ్నానికి ‘రిక్తము’ అని అర్థం. 1936 అక్టోబరులో ఒకినావా ద్వీపంలోని నాహా నగరంలో గురువులు సమావేశమై ఈ రెండవదాన్నే ఖాయం చేశారు. ఉచ్చారణ మారలేదు, వ్యుత్పత్తి మారిపోయింది! మరుసటి ఏడే జపాను చీనాపై పూర్తిస్థాయి యుద్ధానికి దిగిందని గుర్తు చేసుకుంటే ఈ శ్లేష వెనుకనున్న రాజకీయం బోధపడుతుంది. ఫునాకోషి గిచిన్ మాత్రం ఆ రిక్తతకు బౌద్ధుల శూన్యంతో అన్వయం చెప్పాడు. వృత్తిరీత్యా బడిపంతులు కదా, అర్థం చెప్పకుండా ఉండలేడు.

పోటీలూ పతకాలే కరాటేను ఆటగా మార్చివేశాయని పలువురి అభిప్రాయం. నాకు అలా తోచదు. మార్పు బడిలోనే మొదలైంది.

ర్యూక్యూ రాజ్యాన్ని జపాను 1879లో కలిపివేసుకున్నది. ఆ కాలంలో ఈ విద్య గురుముఖంగా, ఏ కొద్దిమంది శిష్యులకో, చాటుగా సంక్రమించేది. ‘కతా’ అనబడే కదలికల వరుసే దానికి గ్రంథం. అందులో గుద్దులు, తన్నులే కాక పట్లు, కీళ్ళ మెలికలు, పడవేతలు కూడా ఇమిడి ఉండేవి. ఫునాకోషి తన గురువు అసాతో ఇంటి పెరట్లో రాత్రివేళల ఒకే కతాను నెలల తరబడి అభ్యసించేవాడు.

పూర్వం రాజాస్థానంలో పనిచేసిన ఇతోసు అంకో, 1901 ప్రాంతంలో ఈ విద్యను ఒకినావా పాఠశాలల్లో ప్రవేశపెట్టాడు. పిల్లలకోసం ‘పినాన్’ అనే అయిదు కతాలు కూర్చాడు. దీనివల్ల దేహదార్ఢ్యం కలుగుతుందనీ, సైనికసేవకూ ఉపకరిస్తుందనీ 1908లో అధికారులకు పది అంశాల లేఖ వ్రాశాడు. సదుద్దేశమే. కాని తరగతినంతటినీ ఆటస్థలంలో బారులు తీర్చి నిలబెట్టిన తరువాత ఎవరైనా చేయగలిగేదేమిటి? అంకెలు లెక్కపెడుతూ అందరిచేతా ఒక్కసారిగా చేయించడమే. ఏ కదలికతో ఎదుటివాని కీలు ఊడుతుందో పసివారికి చెప్పరాదు. రూపం నిలిచింది, అర్థం మరుగున పడింది. శబ్దమంజరి వల్లె వేయించి కావ్యం చదివించకపోతే ఏమవుతుందో తెలుగు పండితులకు వేరే చెప్పనక్కరలేదు.

ఫునాకోషి 1922లో టోక్యో వెళ్ళి ఈ విద్యను ప్రదర్శించాడు. జూడో స్థాపకుడు కానో జిగోరో ఆయనను ఆదరించాడు. తెల్లదుస్తులు, నడికట్ల తరగతులు జూడో నుండి వచ్చినవే. విశ్వవిద్యాలయ విద్యార్థులకు కతాలు చాలలేదు, పోరు కావాలన్నారు. కరాటే తెలిసినవాడు ముందుగా చేయి ఎత్తరాదని బోధించిన ఫునాకోషికి అది రుచించలేదు. ఇద్దరూ ముందుగా చేయి ఎత్తకపోతే ఆట ఎలా సాగుతుంది మరి! 1957 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ సంవత్సరమే జపాను కరాటే సంఘం తొలి జాతీయ పోటీ జరిపింది. 1970లో టోక్యోలో ప్రపంచ పోటీలు మొదలైనాయి.

కరోనా వల్ల 2021కి వాయిదాపడిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటేకు తొలిసారి చోటు దక్కింది. 2024 పారిస్ క్రీడల నాటికి ఆ చోటు పోయింది. టోక్యోలో పురుషుల కతా స్వర్ణం ఒకినావా బిడ్డ కియూనా ర్యోదే. చనిపోయిన తల్లి ఫోటోను చేతబట్టుకుని ఆయన పతకవేదిక ఎక్కాడు. మరునాడు 75 కిలోలకు పైబడినవారి తుదిపోరు. ఆధిక్యంలో ఉన్న సౌదీ యువకుడు తారెగ్ హమేదీ తన్నిన తన్నుకు ఇరాన్‌కు చెందిన సజాద్ గంజ్‌జాదే స్పృహతప్పి పడిపోయాడు. తన్నును అదుపులో ఉంచుకోలేదని న్యాయనిర్ణేతలు హమేదీని అనర్హునిగా ప్రకటించారు. స్ట్రెచరు మీద మోసుకుపోబడిన గంజ్‌జాదేకు, తానే విజేతనని మెలకువ వచ్చాక ఎవరో చెబితే తెలిసింది.