చెరుకు బండి ఎనుక

జెర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. గటు దిక్కు కూసోకుండ్రి, పొగ కండ్లల్ల వడ్తది. ఏమన్నవు రా? టీవీ లేదు, ఫోన్ లేదు, మీకు సంబురం ఏడికెల్లి వచ్చేదంటవా? చెరుకు బండి ఎనుకకెల్లి వచ్చేది రా!

బోధన్ పక్కన శక్కర్‌నగర్ల నిజాం సర్కారు 1937ల చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. ఆసియాల్నే పెద్దదని మా బాపు మీసం దువ్వుకుంట చెప్పేటోడు, తనే కట్టిచ్చినట్టు. అంతకుముందే, 1931ల, మంజీర మీద నిజాంసాగర్ కట్ట పూర్తయింది. దాన్ని కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. ఆ కాల్వ నీళ్లతోని మన కోటగిరి దిక్కు వరి, చెరుకు పచ్చగ పారినయి.

కాల్వకు నీళ్లిడిసిన్నాడు చూడాలె మా ఉరుకుడు! ఎండిన కాల్వల నీళ్లు నురుగు కక్కుకుంట, ఎండుటాకులు నూక్కుంట వస్తుంటే, మేము దానికంటె ముందు ఉరికి "అచ్చినయి, అచ్చినయి" అని పొలాలల్ల ఒర్రేటోళ్లం. ఆ కబురు చెప్పినందుకు ఎవలో ఒకలు పిడికెడు పుట్నాలు పెట్టేది.

ఇగ చలికాలం వస్తే సడక్ నిండ చెరుకు బండ్లే. పోరగాండ్లం సప్పుడు చెయ్యకుంట ఎనుక నడిచి ఒక గడ గుంజేటోళ్లం. బండాయన తిరిగి చూడకపోయేది. మోకాలి మీద ఇరిసి పంచుకుంటుంటిమి. మొదలు దిక్కు తీపెక్కువ, కొన సప్పగుంటది. చిన్నోనికి కొన ఇస్తే ఏడ్సి దొంగతనం బయటవెడ్తడని మొదలు వానికే ఇచ్చేటోళ్లం.

బండాయనకు తెల్వదనే అనుకున్నం. మీసాలు మొలిసినంక నేనే బండి తోల్కపోయిన. ఊరు దాటుతుంటే ఎనుక ఎవలో గడ గుంజిండ్రు. మోపు కదిలింది, ఆ కదులుడు నొగల మీద కూసున్న నాకు సాఫ్‌గ తెలిసింది. నవ్వొచ్చింది. తిరగకుంట ఎడ్లను అదిలిచ్చిన. ఆ రాత్రి కాంటా కాడ బండ్ల వరుసల మంట కాగుకుంట, సాసర్ల పోసుకొని తాగిన చాయ్ ఇప్పటికీ యాదికున్నది.

ఫ్యాక్టరీ 2015ల మూతవడ్డది. ఎడ్లబండ్లు అంతకుముందే పోయినయి.

ఇప్పుడు మనింటి ముందటి జామచెట్టుకు గోడ దుంకి పిల్లలొస్తరు. నేను తలుపు తీసేముందు గట్టిగ దగ్గుత. నాకు దమ్మని మీ అవ్వ మందు తాపిస్తది. దమ్ము లేదు, ఏం లేదు రా. వాండ్లకు ఉరికేటందుకు జెర టైం ఇయ్యాలె గద! రేపు మీ చెట్టుకు కాయలు కాసినంక, మీరు గూడ దగ్గుండ్రి బిడ్డా.