తాండూరు బండలు, బెంజి లారీల ఐడిలింగ్

మార్బుల్, టైల్స్ ఇంత చవక కాకముందు హైదరాబాదు ఇళ్లలో కాలి కింద ఉన్నది ఎక్కువగా తాండూరు బండో, పక్కనే కర్ణాటకలోని షాబాదు బండో. పలకలు పలకలుగా విడివడే ఈ సున్నపురాయికి రైలు దారి ముందునుంచీ ఉంది. సికింద్రాబాదు నుంచి వాడి జంక్షన్‌కు 1874లో పడిన లైను వికారాబాదు, తాండూరు మీదుగానే పోతుంది. కానీ బండ రైలెక్కాలన్నా ముందు గనిలోంచి పైకి రావాలి కదా. ఎడ్లబండ్లు చేసిన ఆ పనిని లారీలు అందుకున్నాయి. లారీ వెనకాలే మెకానిక్ షెడ్డూ వచ్చింది.

నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. హైదరాబాదు సంస్థానంలో మోటారు పని పద్ధతిగా నేర్పిన తొలి బడుల్లో ఆ డిపోలను లెక్కవేయాలి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఫోర్డు, షెవర్లే, డాడ్జి లారీలు దేశమంతటా రోడ్డెక్కాయి. అవన్నీ పెట్రోలు బండ్లు. కార్బురేటర్ విప్పి గ్యాస్కెట్ మార్చి, మళ్లీ సరిగా కూర్చోబెట్టకపోతే ఆ సందులోంచి గాలి దూరుతుంది, మిశ్రమం పలచబడుతుంది, ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, బండి నిలవదు. ఆరిపోతుంది.

డీజిల్ వచ్చాక లెక్క మారింది. టాటాలు 1954లో డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టారు. అశోక్ లేలాండ్ మద్రాసు నుంచి కామెట్ లారీలు పంపింది. 1969లో టాటాల ఒప్పందం ముగిసి రేడియేటర్ మీది బెంజ్ నక్షత్రం పోయినా, జనం నోట అది చాలాకాలం బెంజి లారీగానే ఉండిపోయింది. ఈ బండ్లకు గుండెకాయ లాంటిది డీజిల్ పంపు. దాన్ని బెంగళూరులో 1951లో పెట్టిన మైకో కంపెనీ తయారుచేసేది. అందుకే పంపు పని చేసే ప్రతి షాపు బోర్డు మీదా ఆ పేరు కనిపించేది.

కొన్ని పాత పంపులకు ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నరు గాలితో నడిచేది. ఇంజిన్ లోపలికి పీల్చుకునే గాలి దారిలోంచి ఒక సన్నటి పైపు పంపు వెనక ఉన్న తోలు డయాఫ్రంకి వెళ్తుంది. ఆ పీల్పే డీజిల్‌ను తగ్గించి ఐడిలింగ్‌ను నిలబెడుతుంది. ఇంజిన్ హెడ్డు దింపి మళ్లీ బిగించినప్పుడు ఆ పైపు నట్టు వదులుగా ఉండిపోయిందనుకోండి, పీల్పు అందదు. గవర్నరు స్ప్రింగు పంపులోని రాడ్డును ఎక్కువ డీజిల్ వైపు తోసేస్తుంది, బండి అరుస్తూ రేసు ఎక్కుతుంది. పెట్రోలు లారీని ఆర్పేసిన గాలి సందే డీజిల్ లారీని పరుగెత్తిస్తుందన్నమాట! పెట్రోలు బండ్ల దగ్గర చేయి తిరిగినవాడు కూడా ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

కొత్త నాజిల్ వేశాక బండి మిస్సింగ్ కొడుతుంటే షెడ్డులో చేసే పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, నాజిళ్లకు వెళ్లే ఆరు పైపుల నట్లను ఒక్కొక్కటే స్పానర్‌తో కాస్త వదులు చేస్తారు. పనిచేస్తున్న సిలిండర్ పైపు వదిలితే ఇంజిన్ చప్పుడు పడిపోతుంది, బండి ఊగుతుంది. దేన్ని వదిలినప్పుడు తేడా రాదో ఆ సిలిండర్ చచ్చినట్టే. చాలాసార్లు తప్పు కొత్త నాజిల్‌ది కాదు. దాని కింద పాత రాగి వాషర్నే మళ్లీ వేయడమో, పంపుకు డీజిల్ వచ్చే దారిలో ఎయిర్ పట్టడమో అయి ఉంటుంది. ఎయిర్ పడితే బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొట్టాలి. అది చేయకుండా ఐడిలింగ్ స్క్రూ తిప్పి సర్దేసేవాడిని ఉస్తాద్ అనరు.

గని పని ఈ విద్యకు బాగా పదును పెట్టింది. దూరపు రూట్లలో నలిగిన బండ్లు చివరికి దగ్గర లోడింగ్ పనికే దిగుతాయి. వాటికి మిగిలిందల్లా మరమ్మతే. పైగా తాండూరు గాల్లో సున్నపురాయి పొడి. అది ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తే నల్లపొగ, ఫిల్టర్ దాటి లోపలికి పోతే రింగుల అరుగుదల. దగ్గరలోని కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ, ఆ చుట్టుపక్కల ప్రైవేటు సిమెంట్ ఫ్యాక్టరీలూ వచ్చాక లారీలూ పెరిగాయి, దుమ్మూ పెరిగింది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త లారీలన్నీ బీఎస్-6 కాలుష్య ప్రమాణాలవే. వీటిలో ఐడిలింగ్‌ను నిలబెట్టేది స్క్రూ కాదు, కంప్యూటర్. చాలా కామన్ రెయిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్ మార్చితే దాని మీద ముద్రించిన కోడ్‌ను స్కానర్‌తో ఆ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మరిచిపోతే పార్టు కొత్తదే, బిగింపు బాగుందే అనిపిస్తున్నా ఐడిలింగ్ కుదరదు. ఎన్ని నట్లు వదులు చేసి చూసినా ఆ తప్పు దొరకదు. దొరక్కపోగా, కామన్ రెయిల్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు. నట్టు వదిలితే చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. బెంజి లారీ మీద చేసిన ఆ పాత పరీక్షను కొత్త బండి మీద ఎవరూ చేయొద్దు.