ఓర్వకల్లు దాటి ఎర్రగుడికి: గుడి లేని బౌద్ధ యాత్ర

హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో చూసొచ్చే బౌద్ధ ఆలయం ఏదైనా చెప్పమని చాలామంది అడిగారు. ఈసారి ఆలయం కాదు, బండరాళ్లు. మనవాళ్లు కర్నూలు దాకా వచ్చి, ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో ఫొటోలు దిగి వెనక్కి తిరిగేస్తారు. తెల్లారకముందే బయల్దేరితే డోన్, గుత్తి మీదుగా ఎర్రగుడి కూడా చూడొచ్చు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరి దగ్గర.

అక్కడ ఉన్నవి క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. ఒక చిన్న శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, సాలు చివర మడక మళ్లినట్టు. కోడ్ రాసిన బుర్ర కదా, నేను ముందు బగ్ అనుకున్నా!

నన్ను ఆపేసింది మాత్రం 13వ శాసనం. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారు, లక్షా యాభై వేలమందిని తరలించుకుపోయారు, అందుకు బాధపడుతున్నా అని రాజే చెప్పుకున్నాడు. విచిత్రం ఏంటంటే, కళింగలోని ధౌళి, జౌగడల్లో ఈ శాసనం లేదు. అక్కడ దాని బదులు, ప్రజలంతా నా బిడ్డలే అనే వేరే శాసనాలు పెట్టించాడు. దెబ్బ తిన్నవాళ్లకి చెప్పని లెక్క మన సీమ రాయి మీద ఉంది. వాళ్ల ముందు ఆ అంకెలు చదివించడానికి జంకాడేమో అని నా అనుమానం.

2వ శాసనంలో దారుల వెంట బావులు తవ్వించాం, చెట్లు నాటించాం అని ఉంటుంది. అది చదివే వేళకి మా నీళ్లు అయిపోయాయి. మీరు రెండు బాటిళ్లు ఎక్కువే పెట్టుకోండి.